చాలా లోతైన కేకు

వదినకి నమస్కారం.

అడిగి తెచ్చుకున్న మెచ్చుకోలు మెచ్చుకోలేనా? ఏళ్ల తరబడి ఈ ప్రశ్న మోస్తున్నాను. జవాబు దొరక్క, ఈలోగా ఒక గ్రూపులో చేరాను. పేరు 'చేయూత'. మాలో ఎవరు పోస్టు పెట్టినా మిగతావాళ్లు వెంటనే లైకు కొట్టి, కింద ఓ మంచి మాట రాయాలి. అలా చేస్తేనే అది బయటివాళ్ల కంట పడుతుందట. చదవాలన్న నియమం లేదు. ఇప్పుడు నా వ్యాసాల కింద ఇసకేస్తే రాలనంత జనం.

కేకుల కొట్టు తెరిచి ఈగలు తోలుకుంటున్నానన్నావుగా. నువ్వూ చేరు.

ఉంటాను,
నీ ఆడపడుచు

తా.క. ఉత్తరమే ఎందుకంటే, ఫోన్లో రాస్తే నువ్వు చదవకుండా బొటనవేలి బొమ్మ పెట్టేస్తావు.

---

ఆడపడుచుగారికి ఆశీస్సులు.

చేరాను. ఆసుపత్రి క్యాంటీనామె శనివారం నా కేకు రుచి చూస్తానంది. నచ్చితే రోజూ తీసుకుంటుంది, లేకపోతే నేను కొట్టు మూసుకోవడమే. తీరా చేసిన ప్రతి కేకూ నడిమధ్య కుంగిపోతోంది. ఫోటో తీసి, 'ఎందుకిలా అవుతోందో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి' అని పెట్టాను.

మీవాళ్ల జవాబులు చూడు. 'గుండెను తాకింది.' 'ఇలాంటివి మీ నుంచి మరిన్ని రావాలి.' 'నేటి సమాజానికి ఎంతో అవసరం.'

ఎవడో 'మూడో గేరు' అట, మీ గ్రూపువాడు కాదు, వాడొక్కడే గద్దించాడు. 'ఉడికేదాకా ఓవెన్ తలుపు తీయకూడదు. మాటిమాటికీ తొంగిచూస్తే కుంగక ఏమవుతుంది?' అట. ఒళ్లు మండింది. నా వంటగదిలో కూర్చుని చూసినట్టు మాట్లాడతాడేం?

ఇట్లు,
మీ వదిన

తా.క. 'చాలా లోతుగా ఉంది' అని రాశావు. గుంట గురించేనా?

---

వదినా,

క్షమించు. పరీక్ష హాల్లో కాపలా కాస్తూ, నీ పేరు కనబడగానే ఏదో నొక్కేశాను. నా వ్యాసాలకి వచ్చేవీ ఇలాంటివేనా అని ఓ క్షణం అనుమానం వచ్చింది గానీ పక్కన పెట్టేశాను.

ఆ మూడో గేరు సంగతి నాకొదిలెయ్. వాడు నాకూ పాత శత్రువే, ప్రతి వ్యాసానికీ వంక పెడతాడు. 'చేయూత'లో ఒక్క మాట చెప్పాను. అందరూ కలిసి ఫిర్యాదులు పెట్టారు, వాడి ఖాతా మూతపడింది. ఇక నీ జోలికి రాడు.

ధైర్యంగా ఉండు,
నీ ఆడపడుచు

తా.క. నీ గుంట కేకు ఊరంతా తిరుగుతోంది. నా వ్యాసాలు ఎన్నడూ అంత దూరం పోలేదు.

---

అమ్మాయ్,

కొంప ముంచావు. ఆ దిక్కుమాలిన గేరు చెప్పినట్టు తలుపు తీయకుండా కూర్చున్నాను. కేకు పసిపిల్ల బుగ్గలా పొంగింది. పట్టుకెళ్తే క్యాంటీనామె మొహం చిట్లించింది. 'ఇది కాదండీ, అంతమంది మెచ్చుకున్నారే, ఆ గుంటది. అందులో క్రీము నింపుకుంటాం. అదైతే రోజూ తెండి' అంది. బేరం కుదిరింది, సంతోషమే. కానీ సరిగ్గా అంతే కుంగాలంటే తలుపు ఎప్పుడు తీయాలో ఎవర్నడగను? తెలిసినవాడి నోరు నువ్వు నొక్కేశావు.

మీ అన్నయ్య కూడా ముభావంగా ఉన్నారు. డ్రైవింగ్ స్కూల్లో రోజంతా అరిచి ఇంట్లో నోరు విప్పని మనిషే అనుకో. ఇప్పుడు ఫోను చూసుకుని నిట్టూరుస్తున్నారు.

ఇట్లు,
మీ వదిన

తా.క. కవరు అంటించి మళ్లీ విప్పాను. ఇందాక ఓవెన్ మీద చెయ్యి వేశానో లేదో, ముందు గదిలోంచి పేపరు దించకుండానే 'తీయకు' అన్నారు. వెళ్లి నిలదీశాను. అవును, ఆయనే. 'నా మొహం మీదే చెప్పొచ్చుగా' అంటే, 'నువ్వడిగింది వాళ్లని కదా' అన్నారు.

---

వదినా,

నీ ఉత్తరం చదివాను. తర్వాత నా పోస్టులన్నీ వెనక్కి తిప్పి చూశాను. ఖాతాతో పాటు అన్నయ్య మాటలన్నీ పోయాయి. మిగిలినదంతా 'గుండెను తాకింది'. నాకు గుర్తున్నది ఒక్కటే: 'మొదటి పేజీ అంతా బండి స్టార్టే కాలేదు. చివర బ్రేకు మాత్రం బాగా పడింది.' అది చూసి రెండ్రోజులు అన్నం సయించలేదు నాకు. చివరిదాకా చదివింది ఆ ఒక్కడే అని మాత్రం తట్టలేదు.

కొత్త ఖాతా తెరవమని అన్నయ్యని అడగాలని ఉంది. అడిగితే, అదీ అడిగి తెచ్చుకున్నదే అవుతుంది. అడక్కపోతే ఇక రాయడేమో. గ్రూపులోంచి వచ్చేద్దామన్నా, నీ గుంటకి గిరాకీ తెచ్చింది వాళ్లే కదా. ఏం చెయ్యాలో నిజంగా తేల్చుకోలేకపోతున్నాను.

ఉంటాను,
నీ ఆడపడుచు

తా.క. ఈ ఉత్తరం అన్నయ్య కంటపడేలా ఎక్కడైనా వదిలెయ్. నేను వదిలెయ్యమన్నానని చెప్పకు. ఇది అడగడం కిందికి వస్తుందో రాదో, అదీ నాకు తెలియడం లేదు.