ఒంటి తాడి గురుతు

మంగళూరు

అప్పకు,

నీ తమ్ముడు రాములు దండం పెట్టి రాస్తున్నాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? అయ్య వేళకి అన్నం తింటున్నాడా? గౌరి ఎలా ఉంది? ముందు ఆ సంగతి రాయి. ఈ ఉత్తరం మాత్రం నీ కూతురే కదా అని దాని చేత చదివించుకోకు. నువ్వూ అయిదో తరగతి దాకా చదివినదానివే, కూడబలుక్కుని నువ్వే చదువు. ఫోన్లో చెబుదామంటే ఫోనెప్పుడూ అయ్య దగ్గరే ఉంటుంది. పైగా స్పీకరు పెట్టి వీధి వీధికీ వినిపిస్తాడు.

నా గురించి దిగులు పెట్టుకోవద్దని అమ్మకి చెప్పు. పదేసి రోజులు నీటి మీద, రెండు రోజులు ఒడ్డున. ఇక్కడి అన్నం మెతుకులు లావుగా, ఎర్రగా ఉంటాయి. కూరలో కొబ్బరి నూనె. మొదట్లో ముక్కు మూసుకుని తిన్నాను, ఇప్పుడు అలవాటైపోయింది. రోజూ బుట్టల కొద్దీ చేపలు ఎత్తేవాడు ఎండుచేపలు అడిగితే నవ్వుతావు గానీ, మనవాళ్లెవరైనా ఇటు వస్తుంటే నువ్వు ఎండబెట్టిన నెత్తళ్లు కాసిని పంపు. ఇక్కడ అన్నిటికంటే వింత పొద్దు సంగతి. మన దగ్గర సముద్రంలోంచి లేస్తుంది కదా, ఇక్కడ సముద్రంలోనే పడుతుంది. వచ్చి ఇన్ని నెలలైనా సాయంత్రమయ్యేసరికి ఏదో తలకిందులైనట్టే ఉంటుంది, ఒంటరిగా అనిపిస్తుంది. కానీ బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. పోయినవారం బోటు రేవుకి తిరిగి వస్తోంది. సిగ్నల్ అందగానే అందరం ఫోన్లు తీశాం. మాతో పనిచేసే రఘు అని గంజాం మనిషి ఉన్నాడు, మన మాట బాగానే వచ్చు. "ఒరే రాములూ, ఇది మీ ఊరు గాదేటి?" అని వీడియో చూపించాడు. చూస్తే మన గంగమ్మ రాయి. రాయి ముందు గౌరి. గౌరి ఎదురుగా అయ్య. చుట్టూ ఊరు ఊరంతా. అప్పా, మన ఇంటి గొడవ ఇక్కడి నీటి మీద, ముక్కూమొహం తెలియని పదిమంది మధ్య నిలబడి చూడాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఎవరో నాయకుడు వచ్చాడట కదా, ఊరి మీదికి వస్తున్న సముద్రం గురించి మాట్లాడడానికి. ఇస్త్రీ చొక్కా నలగకుండా కుర్చీలో కూర్చుని, "ఇది భూమంతా వేడెక్కడం వల్ల వస్తోంది, ప్రపంచమంతా ఉన్నదే, మనమేం చేస్తాం?" అన్నాడు. గౌరి లేచింది. నాకు భయమేసింది, గర్వంగానూ అనిపించింది.

"మనమేటి సేత్తామంటే ఎలగండి? బొగ్గూ డీజిలూ కాల్సిన పొగ వల్లే ఈ యేడి. యేడెక్కిన నీరు పొంగుతాది, ఒడ్డు తినేత్తాది. కారణం తెలిసినాక సేతులు ముడుసుకుని కూకుంటారేటి?" అంది.

అంతే, ఆ తరవాత జరిగింది చూసి నాకు మతిపోయింది. సిమ్మయ్య మావ లేచి, "సముద్రం ముందుకి రానేదు. ఎక్కడుండేదో అక్కడే ఉన్నాది. ఇదంతా అవతలి పార్టీవోల్ల పెచారం" అన్నాడు. సిమ్మయ్య మావ! వాళ్ల వంటిల్లు పొయ్యితో సహా సముద్రంలో పడిపోయిన రోజున నువ్వే కదా వాళ్ల గిన్నెలు ఏరి తెచ్చావు? సముద్రం రాలేదని వాళ్ల పార్టీ అంటే రానట్టేనా? వీడియో కింద ముక్కూమొహం తెలియనివాళ్లు రాసిన మాటలు ఇంకా ఘోరం. ఆ పిల్లకి ఎవరో నేర్పి పంపారని ఒకడు, చదువుకున్న ఆడపిల్లలకి దైవభయం ఉండదని ఇంకొకడు.

అప్పుడు అయ్య లేచాడు. నువ్వు పక్కనే ఉన్నావు, నీకు తెలుసు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆ మాటలు నా చెవిలోంచి పోవడం లేదు.

"పొగా గాదు, యేడీ గాదు. నువ్వూ నీ కాలేజీవోల్లూ ఒడ్డు కొలుత్తామని అమ్మోరి రాయి ముందర గడలు పాతినారు. ఆ వారమే మన వల సిరిగి పీలికలైపోనాది. నానేటి నిన్న మొన్న సుక్కాని పట్టినోడినా? ఒడ్డు మీద సెట్టు సూసి వలేసే నా గురుతు తప్పదు. గంగమ్మే వల పట్టీసినాది."

గౌరి నెమ్మదిగానే అంది. "నీ గురుతు తప్పనేదు తాతా. గురుతే పోనాది. ఒంటి తాడిసెట్టు వల సిరిగే ముందొచ్చిన గాలివానకి పడిపోనాది. దాని మొదలు నీటిలో ఉన్నాది, నానూ మావోల్లూ సూసినాం. నువ్వు సూసింది ఎనకాల ఇంకో తాడిని."

జనం నవ్వారు. అయ్య మొహం చూడలేకపోయాను. చెయ్యెత్తాడు గానీ కొట్టలేదు. "రేపట్నించి ఎచ్చెర్ల కాలేజీ నేదు, సదువూ నేదు. ఆ గడలన్నీ పీకీసి, పసుపునీల్లతో రాయి కడిగి, ఊరి ముందర తప్పొప్పుకో. అప్పుడు సూద్దాం" అన్నాడు. వీడియో అక్కడితో ఆగిపోయింది.

అప్పా, నన్ను అన్నిటికంటే ఎక్కువగా కొట్టింది ఏమిటో తెలుసా? ఒంటి తాడి ఎంత దూరం? ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, రెండు బీడీలు కాల్చేంత నడక. అంతమంది అరుచుకున్నారు, తిట్టుకున్నారు. "పదండి, వెళ్లి చూసొద్దాం" అన్నవాడు ఒక్కడు లేడు.

ఇక్కడి బోటులోనూ అదే గొడవ మొదలైంది. బోటు నడిపే మా సరంగు మంచివాడే, కానీ ఈ మాటెత్తితే మండిపడతాడు. ఇదంతా మన డీజిలు ఆపించాలని పైదేశాలవాళ్లు ఆడే నాటకం అంటాడు. మరి చేపలు దాచే గదిలో వేసిన మంచుగడ్డ రెండు రోజుల ముందే కరిగిపోయి వేట ఎందుకు మధ్యలో ఆపుకొచ్చామని రఘు అడిగితే, మంచు అమ్మేవాడు మోసం చేశాడు అన్నాడు. ఇదివరకు ఇక్కడే గుంపులుగా దొరికే చేప ఇప్పుడెందుకు లేదంటే, దాని ఇష్టం అన్నాడు. రఘు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఒడ్డెక్కగానే ఇంటికి ఫోన్ చేశాను. అయ్యే ఎత్తాడు. "ఏట్రా, సూసినావా నీ మేనకోడలి నిర్వాకం?" అన్నాడు. "సూసినాను అయ్యా" అన్నాను. "వల సిరిగిన్నాడు నువ్వూ పడవలో ఉన్నావు కదా, నీకు తెల్దేటి? నా గురుతు తప్పినాదా?" అని అడిగాడు. నేనేం మాట్లాడలేదు. సిగ్నల్ పోయిందనుకుని పెట్టేశాడు. సిగ్నల్ బాగానే ఉంది అప్పా.

ఇప్పుడు రాయబోయేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నీకు మన పద్ధతి తెలుసు. ఒంటి తాడి మొవ్వ వెనకనున్న కొండ నెత్తికి సూటిగా కనిపిస్తే, అక్కడ అడుగున రాళ్లున్నాయని లెక్క. ఆ సూటికి ఇవతలే వల వెయ్యాలి. మన తాడి దక్షిణానికి వంగి ఉంటుంది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. గాలివాన వెలిసిన రెండో రోజు అయ్యా నేనూ వేటకి వెళ్లాం. అయ్య చుక్కాని పట్టుకుని ఒడ్డు వైపు చూసి, "సూటి రానేదు, వల దించు" అన్నాడు. నేనూ చూశాను. ఆ తాడి నిటారుగా ఉంది.

నిటారుగా ఉందని చూస్తూనే వల దించాను. పడవలో చుక్కాని పట్టినవాడికి ఎదురు చెప్పకూడదని నేర్పింది అయ్యే కదా. వల రాళ్లలో పడి చిరిగింది. అయ్య నన్నొక్క మాటా అనలేదు. ఒడ్డుకొచ్చి గంగమ్మ రాయి ముందు ఇసకలో బోర్లా పడుకుని, ఏం తప్పు చేశానమ్మా అని ఏడ్చాడు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేక, ఆ ఇంట్లో ఉండలేక, పనికని ఇక్కడికి వచ్చేశాను. అయ్యకి తప్పు ఎక్కడ జరిగిందో తెలియక, వెతికి వెతికి నెపం గౌరి గడల మీద పెట్టాడు. నేను మింగిన మాటకి ఆ పిల్ల చదువు పోతోంది. పడవ ఎక్కని పిల్ల ఒడ్డు నుంచే ఉన్న మాట చెప్పింది. పడవలో ఉండి కళ్లారా చూసినవాణ్ని నేను నోరు మూసుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది అప్పా.

పొగ సంగతి అయ్య నమ్మాలని నేను అడగడం లేదు. గంగమ్మని నమ్మొద్దనీ అనను, నేనూ బోటెక్కే ముందు ఆ తల్లికే మొక్కుతాను. కానీ పరీక్షలు దగ్గర పడుతున్నాయి. బావ పోయాక అంతా అయ్య మాట మీదే నడుస్తోంది, నాకు తెలుసు. అయినా ఈ ఒక్కసారికి నువ్వు గట్టిగా నిలబడు. గౌరిని ఎచ్చెర్ల బస్సెక్కించు. గడలు పీకనివ్వకు.

అమ్మకి దండాలు. సిమ్మయ్య మావని కూడా అడిగానని చెప్పు, కోపమున్నా పెద్దవాడు. గౌరికి నా దీవెనలు. మీ అందరి దీవెన నా మీద ఉండాలి.

కింద రాసింది అయ్యకి. ఇల్లు సద్దుమణిగాక కాదు, పగలే, పదిమందీ ఉన్నప్పుడు గట్టిగా చదివి వినిపించు.

అయ్యా, కాళ్లకి మొక్కి సెప్తన్నాను. ఆ తాడి వంగి నేదు. నాను సూసినాను.

నీ కొడుకు
రాములు