కిటికీ వెనక సీతాఫలాలు

చిరంజీవి కోడలికి, అత్తయ్య దీవెనలు. నేనిక్కడ క్షేమం. నువ్వు వేళకు తింటున్నానని రాశావు, నమ్మమంటే నమ్ముతాను.

నా మోకాలి సంగతి అడిగావు. కుట్టుమిషన్ తొక్కేటప్పుడు బుద్ధిగానే ఉంటుంది, మెట్లెక్కేటప్పుడే తన గొప్ప చూపిస్తుంది. స్కూలు యూనిఫారాల పని చేతినిండా ఉంది.

మీ ఆయన పోయిన ఈ నాలుగేళ్లలో వెనకగది కిటికీ నేను తెరవలేదు. మొన్న బట్టలకు చెమ్మ వాసన పట్టిందని తెరవబోతే రెక్క కదల్లేదు. వడ్రంగిని పిలిచాను. బయటికెళ్లి చూసొచ్చి, "కిటికీకి ఏ రోగమూ లేదు పెద్దమ్మా, చెట్టు అడ్డం నిలబడింది" అన్నాడు.

వెళ్లి చూస్తే, కిటికీ వెనక మనం విరిగిన బకెట్లు పడేసే ఆ సందులో మూడు సీతాఫలం చెట్లు. నీళ్లు పోసినవాళ్లు లేరు, తొంగిచూసినవాళ్లు లేరు. కొమ్మల నిండా కాయలు. ఎవరు నాటారా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. కుట్టే బట్టల మీద గింజలు పడితే వీపు విమానం మోత మోగిస్తానని నా కొడుకుని ఆ కిటికీ దగ్గరికి తరిమింది నేనే కదా. "అమ్మా, ప్రహరీ దాటించాను చూడు" అని ఊసిన ప్రతిసారీ గొప్పలు పోయేవాడు. అన్నీ కోతలే. ఈ మూడు గింజలూ ఇవతలే పడ్డాయి.

కళ్లు విచ్చిన కాయలు కోసి బియ్యం డబ్బాలో మగ్గబెట్టాను. నిన్న ఒకటి మెత్తబడితే విప్పి నోట్లో పెట్టుకున్నాను. ఎంత తీపో. "ఒరేయ్, ఇలా రారా, రుచి చూద్దువుగాని" అని గట్టిగా కేకేశాను. కేకేశాక గుర్తొచ్చింది. పండు చేతిలో పట్టుకుని అక్కడే కూలబడ్డాను. వాణ్ణి తీసుకెళ్లిన రోజు కూడా అంత ఏడవలేదు.

అప్పుడు నువ్వు మనసులో మెదిలావు. ఆ అద్దెగదిలో నువ్వూ ఇలాగే ఎవర్నో పిలవబోయి ఆగిపోతుంటావు. నాకైతే వయసైపోయింది. నీకింకా ముప్ఫై నిండలేదు.

అసలు అడిగినదానికి జవాబు చెప్పకుండా ఇంతదాకా దాటవేశాను. మీ ఆఫీసులో అతను పెళ్లి చేసుకుందామన్నాడని, "మీరు వద్దంటే వద్దు అత్తయ్యా" అని రాశావు. వద్దనే రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో. నువ్వు కూడా ఇంకో ఇంటిదానివైతే వాడి గురించి నేనెవరితో మాట్లాడను? నా బాధ అదే, దాచను.

చేసుకో తల్లీ. సంతోషంగా అనలేకపోతున్నాను, అయినా చేసుకో. పెళ్లిబట్టలు నేనే కుడతాను. పాత కొలతలు పనికిరావు, చిక్కిపోయి ఉంటావు. కొత్తవి రాసి పంపు.

ఇట్లు,
నీ అత్తయ్య

ఇకమీదట ఏమని సంతకం పెట్టాలో అది కూడా నువ్వే రాయి.