పిడుగు పడితే పీకాల్సిన ప్లగ్గు

ఏమండీ,

మీరు చదవరని తెలుసు. అయినా కొత్త వైఫై పెట్టెతో వచ్చిన కాగితం వెనక రాస్తున్నాను. మన సునీతకు ఇంటి నుంచే ఉద్యోగం కదా, పాత పెట్టె సిగ్నల్ మేడ మీదకు అందడం లేదు. అందుకని ఇవాళ మార్పించాం.

"ఇందులో రెండు సిగ్నళ్ళుంటాయండి. ఒకటి మేడ దాకా అందుద్ది. ఇంకోటి ఈ గదికే గానీ, స్పీడు బాగుంటది," అన్నాడు బిగించడానికి వచ్చినతను. సునీత రెండింటికీ మీ పేరే పెట్టించింది.

నేను అడిగింది ఒక్కటే. "పిడుగు పడితే?"

"ప్లగ్గు పీకెయ్యండమ్మా," అన్నాడు తేలిగ్గా.

నిరుడు మీరు చేసిందీ అదే. మబ్బు పట్టగానే ముందు పెట్టె ప్లగ్గు పీకారు. తర్వాత మిరపకాయల మీద పట్టాలు కప్పడానికి కల్లంలోకి పరిగెత్తారు. పెట్టెకు ఏమీ కాలేదు.

అతను వెళ్ళిన గంటకే వినుకొండ వైపు ఉరిమింది. కల్లం నిండా కాయలు ఆరబోసి ఉన్నాయి. సునీత పట్టాలు అందుకుంది. నేను తలుపుకు అడ్డం పడ్డాను.

"అమ్మా, లెగు! కాయలు తడుస్తాయి!"

"తడవనీ. తెల్లబడి తాలైపోనీ. గడప దాటావంటే కాళ్ళు విరగ్గొడతా!"

అలిగి లోపలి మెట్ల మీద కూర్చుంది. నేను తలుపుకు వీపు ఆనించి ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి. వాన జోరుగా ఉంది. ఎదురుగా కొత్త పెట్టె మీద రెండు లైట్లూ వెలుగుతున్నాయి. ప్లగ్గు పీకాలంటే తలుపు వదలాలి.

ఈసారి పోతే పెట్టెనే పోనివ్వండి.