బ్లూబెర్రీ మొక్కల చుట్టూ ముగ్గు

వదినగారికి,

ఫోన్‌లో అయితే అత్తయ్యగారు పక్కనే ఉంటారు, అందుకని రాస్తున్నాను. పోయినేడు మామయ్యగారు ఇక్కడ అమెరికాలో, మా క్యారీ ఇంటి పెరట్లో నాటిన బ్లూబెర్రీ మొక్కలు చచ్చిపోతున్నాయి. ఆయన పోయినప్పటి నుంచి అత్తయ్యగారు రోజూ స్నానం కాగానే, తులసికోటకి వేసినట్టు వాటి మొదట్లో నీళ్లు చల్లి ముగ్గు వేస్తున్నారు. మట్టి టెస్ట్ చేయించాను. వీటికి ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలట, ముగ్గుపిండిలోని సున్నం పడదట.

డబ్బాలో ముగ్గు తీసేసి బియ్యప్పిండి పోశాను. అత్తయ్యగారు వేళ్లతో నలిపి చూసి, "చీమలు పట్టి మొక్క పాడైపోతుందమ్మా" అని తిరిగి నా చేతికే ఇచ్చేశారు. మీ తమ్ముడిని చెప్పమంటే, "కాల్ ఉంది, నువ్వే చెప్పు" అని గదిలోకి వెళ్లిపోతున్నారు. కూతురు కాబట్టి మీరైనా చెప్తారేమోనని ఈ ఉత్తరం.

నిన్న పాలిపోయిన ఆకులు ఆవిడ కంట పడ్డాయి. చాలాసేపు నిమురుతూ నిలబడి, "ఆయనకి నా సేవ చాలట్లేదేమోనమ్మా" అన్నారు. పొద్దున వేసింది చాలదన్నట్టు, ఈరోజు సాయంత్రం కూడా ముగ్గు వేయడానికి కూర్చున్నారు. ముగ్గుపిండి అయిపోయిందంటే, డబ్బా నింపి ఇచ్చింది నేనే.

మీ మరదలు