కరపత్రం మీద నా హారతి

చిరంజీవి కామేశ్వరికి,

మార్కాపురం నుంచి అమ్మ ఆశీస్సులు. నేనూ మీ నాయనా ఒంట్లో బాగానే ఉన్నాం. నా కోపం సంగతి మాత్రం అడగకు. ఫోన్‌లో మొదలుపెడితే అరుస్తానని కాగితం ముందేసుకున్నాను.

"మామ కరపత్రం మీద నీ ఫొటో ఎందుకుందమ్మా?" అని అడిగావు. తప్పు నాదే. నామినేషన్ రోజు మీ చెన్నకేశవ మామ మన గడప ముందు కారు ఆపాడు. "అక్కా, ఇంటి ఆడబిడ్డ హారతి లేకుండా ఎట్ల పోయేది?" అన్నాడు. ఇరవై ఏళ్లుగా రాజకీయాల్లో వాడితో పోట్లాడుతున్నదాన్ని, తమ్ముడే కదా అని పళ్లెం తిప్పాను. ఎవడో ఫొటో తీశాడు. మర్నాడు ఊరంతా పంచిన కాగితం మీద నా నవ్వు ముఖం, దాని కింద వాడి హామీలు! తల్లిదండ్రుల సంతకం లేనిదే పెళ్లి రిజిస్టర్ చేయకూడదట. భర్త ఒప్పుకోనిదే ఆడది గర్భం తీయించుకోకూడదట. అసెంబ్లీలో అందుకే కొట్లాడతాడట. పలకల క్వారీల్లో దుమ్ము పీల్చి దగ్గేవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. వీడికి ఓటేయడానికి చాలిన వయసు మొగుణ్ణి ఎంచుకోవడానికి చాలదా?

నీ పెళ్లి తేదీ మార్చాలా అని అడిగావు. మార్చమన్నది మీ మామే. "కౌంటింగ్ అయ్యేదాంక ఆపు అక్కా, పిల్లోడి కులం తెలిస్తే నా ఓట్లు పోతాయి" అన్నాడు. "నీ ఓట్ల కోసం నా కూతురు ఆగాల్నా, ఏందిరా?" అన్నాను. తేదీ మార్చకండి. మీ నాయన అప్పుడే కొత్త చొక్కా కుట్టించుకున్నారు.

ఇక ఇన్నేళ్లూ నీకు చెప్పనిది. నీకు పది నెలలప్పుడు నాకు మళ్లీ గర్భం వచ్చింది. మీ నాయన పలకల లోడుతో ఒడిశా వెళ్లి ఉన్నారు. నా ప్రాణానికి ప్రమాదమేమీ లేదు. ఆగిన డిగ్రీ పూర్తి చేయాలనుకున్నాను, నాకు వద్దనిపించింది, అంతే. తీయించుకోవడానికి గిద్దలూరు ఆసుపత్రికి నన్ను బస్సులో తీసుకెళ్లింది మీ మామే. "మొగుణ్ణి పిలుచుకొని రాపో" అని నర్సు అంటే, "మా అక్క నోటితో చెప్తావుంటే ఇంక ఎవరు కావాల?" అని పోట్లాడిందీ వాడే. తిరుగు బస్సులో నిన్ను ఒళ్లో వేసుకుని జోకొట్టాడు. మీ నాయన రాగానే చెప్పాను. నా ఒళ్లెట్లుందని మాత్రం అడిగారు.

నిన్న వాడికి ఆ రోజు గుర్తు చేశాను. "అది ఇంటి సంగతి అక్కా. ఇది ఎలక్షన్" అన్నాడు. మన ఇంట్లో ఒక న్యాయం, ఊళ్లో ఆడవాళ్లకు ఇంకో చట్టమా? పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

వచ్చే ఆదివారం వాడి సభ. నన్ను వేదిక మీద కూర్చోబెడతాడట. ఇదంతా అక్కడ నా పేరుతోనే చెబుతాను. ఆ రోజు వాడు చేసింది మంచిపనేనని కూడా చెబుతాను. మైకు లాక్కుంటే కిందికి దిగి చెబుతాను.

ఊళ్లోవాళ్ల నోట వినకముందే నీకు తెలియాలని రాశాను. పెళ్లికొడుకు ఇంటివాళ్లకు నువ్వే ముందు చెప్పు. వాళ్లేమంటారోనని నాకూ భయంగానే ఉంది. నువ్వు కోప్పడు, ఏడువు, నాలుగు రోజులు మాట్లాడకు. నన్ను ఆగమని మాత్రం అడగకు తల్లీ.

ఇట్లు,
నీ అమ్మ,
ఉమామహేశ్వరి