పడవ ఎక్కని విలన్

ఆదివారం, భోజనాలయ్యాక

మా సుజాత బొమ్మలేసిన కామిక్ పుస్తకం ఇవాళ పాలకొల్లు కొరియర్ ఆఫీసు నుంచి తెచ్చుకున్నాను. అట్ట మీద నా కూతురి పేరు అచ్చులో చూసి ఎంత పొంగిపోయానో! బస్సులో కండక్టరుగారికి కూడా చూపించాను.

హీరో గురించి చెప్పడానికేం లేదు, ఎగురుతాడంతే. ఈ సంచిక అంతా విలన్‌దే. వాడు చెడ్డవాడెలా అయ్యాడన్నదే కథ. చిన్నప్పుడు వాళ్ల నాన్న చేపల వేటకెళ్తుంటే, నన్నూ తీసుకెళ్లమని ఏడుస్తాడు. నాన్న వాణ్ణి ఒడ్డునే వదిలేసి వెళ్లిపోతాడు. అక్కడ పేజీ తిప్పలేకపోయాను. అలా ఏడ్చింది సుజాతే. ఆడపిల్ల ఎక్కితే వల ఖాళీగా వస్తుందని ఎక్కనివ్వని నాన్న నేనే. ఆ పొద్దు మళ్లీ వస్తే ఎత్తుకుని ఎక్కించుకునేవాణ్ణి.

ఒడ్డు, ఇసుక, నా గళ్ల లుంగీ అన్నీ అచ్చం దించేసింది. ఎంత బాగా వేసిందో! పడవ లోపలే తప్పు. బల్లలు బస్సు సీట్లలా వరసగా వేసింది, వల పెట్టడానికి చోటే లేదు.

ఫోన్ చేశాను. "పుస్తకం అద్భుతం తల్లీ! పడవ ఒక్కటే తప్పేశావు."

"నువ్వెప్పుడైనా ఎక్కించావేంటి నాన్నా, తెలియడానికి?" అని నవ్వింది.

"రా అమ్మా, ఎక్కిస్తాను."

"వల ఖాళీగా వస్తేనో?" అంది.

"రానీ తల్లీ."

ఎప్పుడొస్తుందో చెప్పలేదు. రేపు వల కాస్త వెనక్కి సర్ది, ముందు బల్ల మీద ఒక మనిషికి చోటు చేస్తాను.