వలీబీ అక్క బండి పోయే సందు

ఎన్టీఆర్ జిల్లా (నా నోటికి ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తుంది), జగ్గయ్యపేట కాపురస్తుడు, కీర్తిశేషులు తొండపు వెంకట్రామయ్య గారి పెద్దకొడుకు, సైన్‌బోర్డు పెయింటరు తొండపు బుల్లిబాబు అనే నేను, యాభై మూడేళ్ళ వయసులో, బుర్ర సరిగ్గా పనిచేస్తుండగా, ఒకరి బలవంతం గానీ ఒక చుక్క మందు గానీ లేకుండా, నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా. నాకు జబ్బేమీ లేదు. ఇదివరకోసారి నేను పోయినట్టు ఫ్లెక్సీ వేయించి సెంటర్లో కట్టించా. నిజంగా పోయిననాడు ఎవరూ నమ్మరేమోనని ముందే కాగితం పెడుతున్నా.

1. మా నాన్న పంచిన ఇంట్లో నా వాటా, నా తదనంతరం నా భార్య కమలాకుమారికి దానవిక్రయాది సర్వహక్కులతో చెందవలెను. ఇప్పుడు మాత్రం ఆవిడది కాదని అనే ధైర్యం ఎవరికుంది? ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత కూడా ఆవిడకే ఇస్తున్నా.

2. నందిగామ కాలేజీలో హిస్టరీ చెప్పే క్రాంతికుమార్ గారు, ఎగ్జిబిషన్ కోసమని పుస్తకంలోవి చూపించి నాచేత గుడ్డ మీద పెద్దగా వేయించిన పటాలు ఆయనకే చెందవలెను. సంగతేంటంటే, సముద్రం అవతల కూర్చున్న స్పెయిన్ రాజుకి, కొత్తగా చేతికొచ్చిన మెక్సికో ఊళ్ళు ఎలా ఉంటాయో తెలియలేదట. ప్రశ్నలు రాసి పంపి, జవాబులతో పాటు ఊరి బొమ్మ కూడా వేసి పంపమన్నాడట. నాలుగొందల ఏళ్ళ పైమాట. చాలా ఊళ్ళలో ఆ పని అక్కడి పెయింటర్ల మీదే పడింది. వాళ్ళు కొలతా పాడూ పెట్టుకోకుండా కొండని గంటలా, ఏటిని సుళ్ళతో, దారిని మనిషి పాదాల గుర్తులతో వేసారు. గుర్రం తిరిగే దారైతే గిట్టలూ వేసారు. ఎవరు నడిస్తే దారి వాళ్ళదన్నమాట. చూడగానే వీళ్ళు మన బాపతే అనుకున్నా.

ఎగ్జిబిషన్లో లెక్చరరు గారి పేరు ఉంది, ప్రిన్సిపాల్ పేరు ఉంది, టీలు పోసినాయన పేరు కూడా ఉంది. నా పేరు లేదు. ఆ మెక్సికో పెయింటర్ల పేర్లు కూడా చాలామటుకు తెలియవట లెండి. అందుకే ఒక పటంలో కొండ మీది పొదల్లో నా పేరు దాచిపెట్టా. ఏ పటమో చెప్పను. క్రాంతికుమార్ గారు భూతద్దం పెట్టుకుని వెతుక్కోవలెను.

3. అదే పద్ధతిలో నేను సొంతంగా వేసిన జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా ఉన్న పటం కమలకి. అందులో మునేరు సుళ్ళు తిరుగుతుంది, అంతెత్తు పరిటాల ఆంజనేయస్వామి నందిగామ ఇళ్ళ మీంచి తొంగి చూస్తుంటాడు. కమల పుట్టిల్లు నందిగామ. అక్కణ్ణించి మా గుమ్మందాకా వచ్చిన పాదాలు ఆవిడవి. అలిగి వెళ్ళినప్పటివి వెనక్కి తిరిగి ఉంటాయి. వాటి పక్కన వెంటపడ్డ చెప్పుల గుర్తులు నావి. తిన్నగా లేవు, పరిగెత్తాను గనక.

4. ఇహ అసలు విషయం. మా నాన్న మా అన్నదమ్ములిద్దరికీ ఇల్లు పంచినప్పుడు స్థలం బొమ్మ నేనే గీసిచ్చా. అది చూసి దస్తావేజు రాసే ఆయన చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులూ రాసాడు. అప్పట్లో నేను ఆ మెక్సికో పటాల మీదే పడి ఉన్నా గనక, వాటిలో కొన్నిట్లో లాగా తూర్పు పైన పెట్టి గీసా. ఆయనకేమో పైనున్నది ఉత్తరమే. దాంతో కాగితంలో మా ఇల్లు పక్కకి తిరిగి పడుకుంది. ఉత్తరాన ఉన్న నా సందు పడమరకి పోయింది. పడమర ఉన్నది నా తమ్ముడు రాంబాబు బాత్రూం. అంటే రిజిస్టరైన దస్తావేజు ప్రకారం, వెనకింటి వలీబీ అక్క తన పునుగుల బండిని మావాడి బాత్రూంలోంచి తోసుకుంటూ రోడ్డెక్కాలి!

తప్పు నాదంటారు. సూర్యుడు లేచే దిక్కు పైనుండక చంకలో ఉంటుందా?

రాంబాబేమో "అన్నయ్యా, కాగితంలో ఉత్తరాన సందు లేదుగా. లేని సందుకి నేను గేటు పెట్టుకుంటే నీకేంటి?" అంటాడు. దానికి వలీబీ అక్క "ఏరా, చిన్నప్పుడు ఈ సందులో పడి మోకాలు చీరుకుంటే పసుపు ఎవరు పెట్టార్రా? అప్పుడుందిగా సందు!" అంది. అయినా వాడు వెళ్ళి వెల్డరుకి గేటు కొలతలు ఇచ్చొచ్చాడు. నేనుండగా బిగించడు. బిగిస్తే తెల్లారేసరికి దాని మీద ఏం రాసి ఉంటుందో వాడికి తెలుసు. నేను పోతే దినం భోజనాలు కాకముందే వెల్డింగు మొదలవుతుంది. అక్క ఇంటికి రెండో వైపు కాలవ, బండి పట్టదు. బండి కదలకపోతే ఆ ఇంట్లో పొయ్యి లేవదు.

కావున సదరు సందుని వలీబీ అక్కకి, ఆమె తర్వాత ఆ బండి తోసేవాళ్ళకి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నా. దిక్కులు రాయను, మళ్ళీ తిరుగుతాయి. హద్దులు: వలీబీ అక్క వాకిట్లోంచి రోడ్డు వైపు నడుస్తుంటే కుడిచేతి పక్క మా ఇంటి గోడ, ఎడమచేతి పక్క కట్టెల అడితి గోడ. మూడో క్లాజులో చెప్పిన పటంలో ఈ సందుని అక్క పాదాలతో, అటూ ఇటూ బండి చక్రాల గీతలతో వేసా. ఆ పటమే దీనికి షెడ్యూలు.

5. నా పాత స్కూటరు రాంబాబుకి. దాని మీద నాన్న మా ఇద్దర్నీ ముందు నిలబెట్టుకుని తిప్పేవాడు. హారన్ కొట్టడానికి కొట్టుకునేవాళ్ళం. ఇప్పుడు హారన్ పనిచెయ్యదు, తీసుకోమనండి.

నేను ఈ ఊళ్ళో ఏం చేసినా నవ్వులాటకే చేసా. నాలుగో క్లాజు మాత్రం నవ్వులాట కాదు.

జగ్గయ్యపేట, 14-11-2024
(సం.) తొండపు బుల్లిబాబు

సాక్షులు:

1. జాయిస్, టైలరు, మా వీధి. బుల్లిబాబు గారు నా ఎదుటే సంతకం చేసారు. నవ్వకుండానే చేసారు.

2. తొండపు రాంబాబు, తమ్ముడు. అన్నయ్య నా ముందే సంతకం పెట్టాడు. అంతా చదివే నేనూ పెడుతున్నా. గేటు వద్దని వెల్డరుకి ఇప్పుడే ఫోన్ చేసా. అక్కకి ఇచ్చేదేదో ఇవాళే రిజిస్టరాఫీసుకెళ్ళి ఇచ్చేద్దాం పద అన్నయ్యా. నువ్వెప్పుడు పోతావా అని ఆవిడ చూస్తూ కూర్చోవాలా?